కొరియాలో తొలిచూలు తల్లి ‘అమ్మ’గా మారే దారి: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ కొరియా ఆసుపత్రుల్లో బిడ్డ పుట్టగానే తొట్టెకు తగిలించే చీటీ మీద తల్లి పేరు రాసి, పక్కన ‘అగి’ అని చేరుస్తారు. అగి అంటే పసిబిడ్డ. ఇంకా పేరు పెట్టలేదు కనుక ఆ బిడ్డకు లోకంలో ఉన్న గుర్తు అదొక్కటే: ఫలానా ఆమె బిడ్డ. నెలలోపు జనన నమోదు చేయించాలి కాబట్టి పేరు త్వరగానే ఖాయమవుతుంది. ఆ తర్వాత లెక్క తారుమారవుతుంది. ఇరుగుపొరుగువాళ్లు, పిల్లల డాక్టరు దగ్గర పనిచేసేవాళ్లు, కొన్నాళ్లకు శిశు సంరక్షణ కేంద్రంలో టీచర్లు అందరూ ఆ స్త్రీని బిడ్డ పేరుతో ‘ఫలానా ఒమ్మా’ అని పిలవడం మొదలుపెడతారు. ఒమ్మా అంటే అమ్మ. బిడ్డను తల్లి పేరుతో పిలిచే రోజులకూ, తల్లిని బిడ్డ పేరుతో పిలిచే రోజులకూ నడుమ ఆ స్త్రీ మనసులో ఏం జరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్నలన్నిటి వెనక ఉన్న ప్రశ్న.

బిడ్డ పుట్టగానే స్త్రీ తల్లి అయినట్టే కదా. మళ్లీ ‘తల్లినన్న గుర్తింపు’ అని వేరే ఏముంది?

కనడం ఒక రోజులో జరుగుతుంది. ‘నేను ఈ బిడ్డకు తల్లిని’ అన్న మాట తడుముకోకుండా లోపలినుంచి రావడానికి వారాలు, నెలలు పడుతుంది. ఏడుపు వినగానే అది ఆకలో నిద్రో తెలియడం, బిడ్డను ఎత్తుకున్నప్పుడు చేతులు వణకకపోవడం, ఎవరైనా సలహా ఇస్తే ‘మా బిడ్డకు అది సరిపడదు’ అని చెప్పగలగడం, వీటన్నిటి మొత్తాన్నే తల్లినన్న గుర్తింపు అంటున్నాం. ప్రేమ ఇందులో ఒక భాగం మాత్రమే. బిడ్డమీద ఎంతో ప్రేమ ఉండి కూడా తనను తాను తల్లిగా నమ్మలేని స్త్రీలు ఉంటారు. ‘ఎవరి బిడ్డనో చూసుకుంటున్నట్టు ఉంది’ అని వాళ్లు అనుకుంటారు. దాన్ని పైకి చెప్పడానికి భయపడతారు.

ఈ విషయం మీద మొదట ఆలోచించింది ఎవరు?

నర్సులు. అమెరికాకు చెందిన నర్సింగ్ పండితురాలు రీవా రూబిన్ 1967లో, స్త్రీ తల్లి పాత్రను ఎలా అందుకుంటుందో వివరించారు. మొదట ఇతర తల్లులను చూసి అనుకరించడం, తర్వాత ఆ పాత్రను ఆడి చూసుకోవడం, పుట్టబోయే బిడ్డతో తన జీవితాన్ని ఊహించుకోవడం, ఇతరుల పద్ధతుల్లో తనకు నప్పేవి ఉంచుకుని నప్పనివి వదిలేయడం ఆమె చెప్పిన మెట్లు. వీటితోపాటు ఆమె గుర్తించిన ఇంకొక పని ఉంది. అది సంతాపం. బిడ్డ రాకముందు తాను ఎవరో ఆ మనిషిని పోగొట్టుకున్నందుకు తల్లి లోలోపల దుఃఖపడుతుందని, ఆ దుఃఖం కూడా తల్లి కావడంలో భాగమేనని రూబిన్ అన్నారు. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే ఎంతమంది బాలింతలు ఊరటపడేవారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రూబిన్ బాటలోనే నడిచిన రమోనా మెర్సర్ 2004లో ఆ పాత మాటను మార్చాలన్నారు. ‘పాత్రను అందుకోవడం’ అంటే ఎక్కడో ఒకచోట ఆగిపోయే పని అన్నట్టు ఉంటుందని, ‘తల్లి కావడం’ అంటే అది సాగుతూనే ఉంటుందని ఆమె వాదన. ఆమె లెక్కలో గర్భంతో ఉన్న రోజులు మొదటి దశ. ప్రసవం తర్వాత తొలి వారాల్లో బిడ్డతో పరిచయం పెరుగుతుంది, ఒళ్లు కుదుటపడుతుంది. ఆ తర్వాత కొత్త దినచర్య అలవాటవుతుంది. సుమారు నాలుగో నెలకు తల్లినన్న గుర్తింపు నిలదొక్కుకుంటుంది. ఈ నాలుగు నెలల లెక్క గుర్తుంచుకోండి, కొరియా ఆచారాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

దీనికి కొరియానే ఎందుకు తీసుకోవాలి?

1970లో కొరియాలో పది లక్షలకు పైగా పిల్లలు పుట్టారు. 2023లో పుట్టినవాళ్లు సుమారు 2 లక్షల 30 వేలు. ఆ ఏడాది ఒక్కో స్త్రీకి సగటు సంతానం 0.72. అంత తక్కువ మరే దేశంలోనూ లేదు. 2024లో అది కాస్త పెరిగి 0.75కు చేరింది. తొలి కాన్పు నాటికి తల్లి సగటు వయసు 33 ఏళ్లు.

ఈ అంకెల వెనక ఉన్న మనిషిని చూడండి. ఆమె చదువుకుంది, పదేళ్లుగా ఉద్యోగం చేస్తోంది, ఆఫీసులో పదవి పేరుతో పిలిపించుకుంటోంది. ఆమెకు తోబుట్టువు ఉంటే ఒకరు, లేకపోతే లేరు. చుట్టాల్లో, స్నేహితుల్లో పిల్లలున్నవాళ్లు తక్కువ. కాబట్టి తన బిడ్డను ఎత్తుకునేదాకా మరే చంటిబిడ్డనూ ఎత్తుకోని స్త్రీలు చాలామందే ఉంటారు. అనుకరించడానికి ఇతర తల్లులు ఉండాలని రూబిన్ అన్నారు. కొరియా నగరాల్లో ఆ ఇతర తల్లులే కనుమరుగవుతున్నారు. పైగా మొదటి బిడ్డే చివరి బిడ్డ అయ్యే అవకాశం ఎక్కువ. నేర్చుకున్నది రెండోసారి సరిచేసుకుందామన్న వెసులుబాటు కూడా ఉండదు.

గర్భంతో ఉన్నప్పుడే ఈ మార్పు మొదలవుతుందా?

కొరియాలో చాలాసార్లు ఒక కలతో మొదలవుతుంది. గర్భం రాబోతోందని తెలిపే కలను ‘తేమోంగ్’ అంటారు. పులి, డ్రాగన్, పండిన పండ్లు, బంగారు ఉంగరాలు, పెద్ద చేప కలలోకి వస్తే బిడ్డ రాకకు గుర్తు అనుకుంటారు. ఆ కల తల్లికే రావాలని లేదు. అమ్మమ్మకు, నానమ్మకు, భర్తకు, ఒక్కోసారి స్నేహితురాలికి కూడా వస్తుంది. బిడ్డ పెద్దయ్యాక ‘నీ తేమోంగ్ ఏమిటి?’ అని అడిగితే చెప్పగలిగేంతగా ఇంట్లో అది కథగా నిలిచిపోతుంది.

తర్వాత ‘తేమ్యొంగ్’ వస్తుంది. అంటే కడుపులో ఉన్నన్నాళ్లకు పెట్టే ముద్దుపేరు. గట్టిగా, ఆరోగ్యంగా ఉండాలని ‘తున్‌తుని’ అని పెట్టడం బాగా వాడుక. పుట్టాక అసలు పేరు వేరే ఉంటుంది. భర్త ఆఫీసునుంచి వచ్చి పొట్ట దగ్గర ముఖం పెట్టి ఆ పేరుతో పలకరిస్తాడు. పేరు పెట్టిన రోజునుంచి లోపల ఉన్నది ‘గర్భం’గా కాక ఒక మనిషిగా తోస్తుంది. తల్లికి తనకంటూ ఎదురుగా ఒకరున్నారన్న భావన ఇక్కడే మొలకెత్తుతుందని నా నమ్మకం.

చాలామంది బిడ్డకు వేసే మొదటి చొక్కాను, దాన్ని ‘బెనెత్ జొగోరి’ అంటారు, తమ చేతులతో కుట్టుకుంటారు. కత్తిరించిన గుడ్డ, దారం కలిపి దుకాణాల్లో అమ్ముతారు. సూదీ దారం ముట్టని స్త్రీ కూడా సాయంత్రం పూట కూర్చుని అరచేతిలో ఇమిడే చేతులు కుడుతుంది. బిడ్డ ఎంత చిన్నదో ఆ చొక్కా చేతులే ఆమెకు మొదట తెలియజేస్తాయి.

తేగ్యో అంటే ఏమిటి? అది తల్లికి మేలు చేస్తుందా, బరువవుతుందా?

గర్భంలోని బిడ్డకు తల్లి నడవడి ద్వారా ఇచ్చే శిక్షణ తేగ్యో. దీనికి కొరియాలో పాత గ్రంథమే ఉంది. యీ సాజుదాంగ్ అనే విదుషి తన పిల్లలను పెంచిన అనుభవంతో 1800లో ‘తేగ్యో షింగి’ రాసింది. ఆమె కొడుకు, భాషాపండితుడు యూ హ్వీ దానికి వ్యాఖ్య రాశాడు. గురువు పదేళ్లు నేర్పేదానికంటే తల్లి పది నెలలు కడుపులో నేర్పేది గొప్పదని ఆ గ్రంథం చెబుతుంది. ఈ మాటను అందరూ చెప్పుకుంటారు. దాని వెంటనే ఉన్న మాటను మాత్రం వదిలేస్తారు: తల్లి పది నెలల శిక్షణ కంటే, బిడ్డ కడుపున పడే రోజున తండ్రి ఎంత శుద్ధిగా ఉన్నాడన్నది ఇంకా ముఖ్యమట. ఇంటిల్లిపాదీ గర్భిణి మనసు కష్టపెట్టకుండా చూసుకోవాలని కూడా అందులో ఉంది. రెండు వందల ఏళ్ల కింద ఒక స్త్రీ ఇంటి అందరికీ పంచిన బాధ్యత, కాలం గడిచేకొద్దీ ఒక్క తల్లి నెత్తిన మిగలడం నాకు బాధ కలిగిస్తుంది.

కడుపులో బిడ్డ వింటుందన్నది తెలుగువాళ్లకు కొత్త కాదు. లీలావతి గర్భంలో ఉండి ప్రహ్లాదుడు నారదుడి బోధ విన్నాడు, సుభద్ర గర్భంలో ఉండి అభిమన్యుడు పద్మవ్యూహం గురించి విన్నాడు. అయితే మన కథలు బిడ్డ ఏం విన్నాడన్నది చూస్తాయి. తేగ్యో మాత్రం తల్లి ఎలా మెలిగిందన్నది చూస్తుంది. సంగీతం వినడం, అందమైన బొమ్మలు చూడడం, కథలు చదవడం, లెక్కలు చేయడం దాకా వెళ్లింది ఈ కాలపు తేగ్యో. ఇష్టంగా చేసేవాళ్లకు బిడ్డతో రోజూ కొంత సమయం దొరుకుతుంది. ఆఫీసులో ఒత్తిడితో కోపం వచ్చిన రోజున, ‘నా కోపం బిడ్డకు తగిలిందేమో’ అని కుమిలిపోయే తల్లికి అదే ఒక తప్పుల పట్టీ అవుతుంది. బిడ్డ పుట్టకముందే తల్లిగా ఓడిపోయానన్న భావన అక్కడ మొదలవుతుంది.

చుట్టూ ఉన్న సమాజం ఆమెను తల్లిగా ఎప్పుడు గుర్తిస్తుంది?

ఆమె తనను తాను గుర్తించుకోవడానికి చాలా ముందే. గర్భం నిర్ధారణ కాగానే ‘పొగొన్సో’, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, గర్భిణులకు గులాబీ రంగు బిళ్ల ఇస్తుంది. దాన్ని సంచికి తగిలించుకుంటారు. సియోల్ మెట్రోలో 2013నుంచి గర్భిణులకు ప్రత్యేక సీట్లున్నాయి, తర్వాత వాటికి గులాబీ రంగు వేశారు. పొట్ట ఇంకా కనిపించని మూడో నెలలో ఆ బిళ్ల తగిలించుకుని ఆ సీటులో కూర్చోవడానికి మొహమాటపడే స్త్రీ, తాను తల్లినని నలుగురిలో మొదటిసారి ఒప్పుకుంటున్నదన్నమాట.

సన్హుజోరివన్ అంటే ఏమిటి?

‘సన్హుజోరి’ అంటే ప్రసవం తర్వాత ఒళ్లు బాగుచేసుకోవడం. మన బాలింత పథ్యం, పురిటి సేవలకు దగ్గరి మాట. ‘వన్’ అంటే కేంద్రం. 1990ల రెండో సగంలో మొదలైన ఈ ప్రైవేటు కేంద్రాల్లో తల్లీబిడ్డలు మామూలుగా రెండు వారాలు ఉంటారు. 2021లో ప్రభుత్వం చేసిన సర్వే ప్రకారం పదిమంది బాలింతల్లో ఎనిమిదిమంది వీటిలో ఉన్నారు. సగటు ఖర్చు సుమారు 24 లక్షల వాన్లు, అంటే అప్పటి మారకంలో లక్షన్నర రూపాయలకు పైనే. 2013లో జేజు దీవిలోని సొగ్విపోలో మొదలై కొన్ని చోట్ల ప్రభుత్వమే నడిపే కేంద్రాలు కూడా వచ్చాయి, కానీ అవి తక్కువ.

పూర్వం ఈ పనంతా ‘చిన్‌జొంగ్’లో, అంటే పుట్టింట్లో జరిగేది. ఇప్పుడు పుట్టింటి అమ్మ కూడా ఉద్యోగంలో ఉండవచ్చు, అపార్టుమెంటులో చోటు చాలకపోవచ్చు, లేదా కూతురే అమ్మను కష్టపెట్టడం ఇష్టపడకపోవచ్చు.

జోరివన్‌లో ఆమెను ‘సన్మో నిమ్’ అని పిలుస్తారు. బాలింతగారూ అన్నట్టు. అందరికీ ఒకే రకం దుస్తులు. వేళకు భోజనం, మధ్యలో పలహారం. బిడ్డలను నర్సులు ఒక గదిలో చూసుకుంటారు. పాలవేళ కాగానే తల్లి గదికి ఫోను మోగుతుంది. దీన్ని ‘సుయు కోల్’, పాల పిలుపు అంటారు. రాత్రి రెండింటికి వచ్చే ఆ పిలుపుకు లేవాలా, ఈసారికి డబ్బా పాలు పట్టమనాలా అన్నది చాలామంది కొరియా తల్లులు తమంతట తాము తీసుకునే మొదటి నిర్ణయం. చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పడుకుంటే ‘నేనేం తల్లిని’ అనిపిస్తుంది, లేస్తే మరుసటి రోజు ఒళ్లు నిలవదు.

బిడ్డను వేరే గదిలో ఉంచితే బంధం ఏర్పడడం ఆలస్యం కాదా?

ఈ చర్చ కొరియాలోనే గట్టిగా జరుగుతోంది. తల్లీబిడ్డలు ఒకే గదిలో ఉండడాన్ని ‘మోజాదోంగ్‌షిల్’ అంటారు. చాలా జోరివన్‌లలో నర్సరీ శుభ్రం చేసే వేళ బిడ్డలను తల్లుల గదులకు పంపుతారు. ఆ గంటా రెండు గంటలు నర్సు పక్కన ఉండదు. బిడ్డ ఏడుస్తుంది, ఎందుకో తెలియదు. నా దృష్టిలో రెండు వారాల విశ్రాంతికంటే తల్లి కావడానికి ఎక్కువ తోడ్పడేది ఆ రెండు గంటలే.

అలాగని జోరివన్‌ను తీసిపారేయలేను. కోత మానని, రక్తం పోతున్న శరీరానికి విశ్రాంతి కావాలి. అక్కడ దొరికే ఇంకొక మంచి విషయం తోటి బాలింతలు. ఒకే వారంలో కన్నవాళ్లు ‘జోరివన్ తోంగి’ అవుతారు. తోంగి అంటే ఒకే తరగతిలో చదివిన సహాధ్యాయుల వంటివారు. ఇళ్లకు వెళ్లాక కూడా ఫోనులో గుంపుగా మాట్లాడుకుంటారు, నడిరాత్రి ‘మీ బిడ్డ కూడా లేచే ఉందా?’ అని అడుగుతారు. రూబిన్ చెప్పిన ‘ఇతర తల్లులు’ ఇక్కడ మళ్లీ దొరికారు. అయితే తనతోపాటే తడబడేవాళ్లు, తనకంటే ముందే దారి తెలిసినవాళ్లు ఒకటి కారు.

బాలింతలకు సముద్రపు నాచు సూప్ ఎందుకు పెడతారు?

‘మియొక్‌గుక్’ అనే ఆ సూప్‌లో అయొడిన్, కాల్షియం ఉంటాయి. రక్తాన్ని శుభ్రపరుస్తుందని, పాలు పడతాయని కొరియావాళ్ల నమ్మకం. రోజుకు మూడు పూటలా పెడతారు. దీని విలువ మరోచోట కూడా ఉంది. కొరియాలో ప్రతి ఒక్కరూ ఏటా పుట్టినరోజున ఇదే సూప్ తాగుతారు. అంటే ముప్పై ఏళ్లుగా తన పుట్టినరోజున తాగుతున్న సూప్‌ను ఆమె మొదటిసారి బాలింతగా తాగుతోంది. అమ్మ తనను కన్నప్పుడు తాగినది ఇదేనన్న తెలివిడి ఆ గిన్నె ముందు కలుగుతుంది. తల్లి కావడం అన్నది తన తల్లిని కొత్తగా చూడడంతో ముడిపడి ఉంటుంది. పోల్చుకుని కృతజ్ఞత పడేవాళ్లున్నారు. ‘అమ్మ నన్నెందుకు అలా పెంచింది’ అన్న పాత గాయం రేగేవాళ్లూ ఉన్నారు. రెండూ ఈ దారిలో మామూలే.

21 రోజుల ఆచారం ఇంకా ఉందా?

‘సమ్‌చిలిల్’, అంటే మూడు ఏడులు. పూర్వం ఇంటి గుమ్మానికి గడ్డితాడు కట్టేవారు. మగబిడ్డయితే ఎర్ర మిరపకాయలు, ఆడబిడ్డయితే బొగ్గు ముక్కలు, పైన్ కొమ్మలు దానికి గుచ్చేవారు. 21 రోజులు పైవాళ్లు లోపలికి రాకూడదు. బిడ్డలను ఇచ్చే సమ్‌షిన్ హల్మొని అనే అవ్వదేవతకు అన్నం, నాచు సూప్ నైవేద్యం పెట్టేవారు. తాడు ఇప్పుడు దాదాపు కనిపించదు. చలిగాలి తగిలితే కీళ్లనొప్పులు వస్తాయన్న భయం మాత్రం పోలేదు. దాన్ని ‘సన్హుపుంగ్’ అంటారు, ఎండాకాలంలో కూడా కాళ్లకు మేజోళ్లు తొడుగుతారు. చెవుల్లో దూది పెట్టించుకున్న తెలుగు బాలింతలకు, 21వ రోజున బారసాల చేసుకునే ఇళ్లకు ఇదేమీ దూరంగా అనిపించదు.

పాల విషయంలో అంత పట్టింపు ఎందుకు?

కొరియా తల్లులకు దీనికి పొట్టి మాటలే ఉన్నాయి. పూర్తిగా తల్లిపాలే అయితే ‘వాన్మో’, పూర్తిగా డబ్బా పాలే అయితే ‘వాన్బున్’. ఇద్దరు కొత్త తల్లులు కలిస్తే త్వరగానే ఈ ప్రశ్న వస్తుంది. తల్లిపాలు బిడ్డకు మంచివన్నది నిజం. కానీ పాలు చాలని స్త్రీ దాన్ని తన తల్లితనానికి వచ్చిన మార్కులుగా తీసుకుంటే, ఆ దిగులులో బిడ్డ ముఖం చూడడమే మరిచిపోతుంది. డబ్బా పాలు పడుతూ కళ్లలోకి చూసి మాట్లాడే తల్లికి ఏమీ తక్కువ కాదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా చాలదని నా అభిప్రాయం.

జోరివన్‌నుంచి ఇంటికి వచ్చాక ఏం జరుగుతుంది?

అసలు కథ అక్కడే మొదలవుతుంది. రెండు వారాలు నిపుణుల చేతుల్లో ఉన్న బిడ్డ ఒక్క రోజులో తన చేతుల్లోకి వస్తుంది. కారు నడపడం కొత్తగా నేర్చుకున్నవాళ్లు వెనక అద్దం మీద ‘చోబో’, అంటే కొత్తవాళ్లం అని అంటించుకుంటారు. తొలి తల్లులు కూడా తమను ‘చోబో ఒమ్మా’ అని చెప్పుకుంటారు. ప్రభుత్వ సహాయంతో ఇంటికి వచ్చే శిక్షణ పొందిన సహాయకురాలు కొన్ని రోజులు తోడుంటుంది. ఆమె వెళ్లిన మర్నాడు ఇల్లు నిశ్శబ్దమవుతుంది.

ఈ దశలో తల్లి చేసే పనులన్నీ చిన్నవి. ఎన్ని మిల్లీలీటర్లు తాగింది, ఎన్ని గంటలు పడుకుంది, ఎన్నిసార్లు డైపర్ మార్చాం అని ఫోనులో రాసుకుంటుంది. మొదట్లో ఆ లెక్కను చూసే బిడ్డను అర్థం చేసుకుంటుంది. కొన్ని వారాలకు ఒక రోజు లెక్క చూడకుండానే ‘ఇది నిద్ర ఏడుపు’ అని తెలిసిపోతుంది. ఎత్తుకుని ఊపితే బిడ్డ నిజంగానే పడుకుంటుంది. ఊహించడం, సరిపోవడం, మళ్లీ ఊహించడం. తల్లినన్న నమ్మకం ఇలా వందలసార్లు సరిపోవడంలోంచి వస్తుంది. దీనికి బిడ్డ సాయం కూడా కావాలి. రెండో నెలలో బిడ్డ తన ముఖం చూసి నవ్విన రోజును చాలామంది తల్లులు మలుపుగా చెబుతారు. అప్పటిదాకా ఇవ్వడమే తెలిసిన ఆమెకు మొదటిసారి తిరిగి అందింది.

నూరు రోజుల వేడుకకు అంత ప్రాధాన్యం ఎందుకు?

పూర్వం శిశు మరణాలు ఎక్కువ. నూరు రోజులు దాటిన బిడ్డ బతుకుతుందన్న ధీమా ఉండేది. ‘పేగిల్’ రోజున తెల్లటి బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించిన ‘పేక్సొల్గి’ చేసి ఇరుగుపొరుగుకు పంచుతారు. ఈ కాలం తల్లులు ఇంకొక మాట కలిపారు: ‘నూరు రోజుల అద్భుతం’. ఆ సమయానికి చాలామంది పిల్లలు రాత్రి ఎక్కువసేపు పడుకోవడం మొదలుపెడతారు కాబట్టి. మెర్సర్ చెప్పిన నాలుగో నెల కూడా ఈ రోజు వెనకే వస్తుంది. బిడ్డ బతికిందన్న వేడుక, తల్లి నిలదొక్కుకునే కాలం పక్కపక్కనే ఉండడం నాకు ఎంతో నచ్చింది. నూరో రోజున తెల్ల బట్టలు వేసిన బిడ్డను మధ్యలో కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో బిడ్డ పడిపోకుండా వెనకనుంచి పట్టుకున్న చెయ్యి తల్లిదే.

బిడ్డను చూడగానే ప్రేమ పొంగలేదు. నాలో లోపముందా?

లేదు. ‘మోసొంగే’, అంటే మాతృప్రేమ, ప్రతి స్త్రీలో పుట్టుకతోనే ఉంటుందని కొరియాలోనూ అంటారు, మన దగ్గరా అంటారు. చాలామందిలో అది బిడ్డను చూసుకుంటూ ఉండగా పెరుగుతుంది.

దిగులు మాత్రం పక్కన పెట్టదగినది కాదు. 2021 సర్వేలో సగానికి పైగా బాలింతలు ప్రసవం తర్వాత దిగులు అనుభవించామన్నారు. మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు వచ్చి తగ్గిపోవడం మామూలు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే డాక్టరును కలవాలి. తననో బిడ్డనో గాయపరచాలన్న ఆలోచన వస్తే అదే రోజు వెళ్లాలి. ఈ దిగులును గుర్తించడానికి 1987లో ఎడిన్‌బరో పేరుతో వచ్చిన పది ప్రశ్నల పత్రాన్ని కొరియా ఆరోగ్య కేంద్రాల్లోనూ వాడతారు. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలుంటే కొరియాలో 109కి, భారతదేశంలో టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు.

భర్త, అత్తగారు ఏం చేస్తారు?

బిడ్డ పనంతా ఒక్కరి మీదే పడితే దాన్ని ‘తొక్‌బక్ యుగా’ అంటారు. తొక్‌బక్ అన్నది పేకముక్కల వంటి హ్వాతు ఆటలోని మాట, అందరి నష్టమూ ఒక్కరే కట్టాల్సి రావడం. తల్లులే ఈ మాటను ఎంచుకుని స్థిరపరిచారు. పరిస్థితి మారుతోంది. 2025 ఫిబ్రవరినుంచి భర్తకు ప్రసవ సెలవు 10నుంచి 20 రోజులకు పెరిగింది. 2024లో పిల్లల పెంపకం సెలవు తీసుకున్నవాళ్లలో పదిమందికి ముగ్గురు మగవాళ్లు. తండ్రి బిడ్డకు స్నానం చేయిస్తే తల్లికి గంట విశ్రాంతి దొరుకుతుంది, అంతకుమించి, తాను చేస్తున్నది కష్టమైన పనేనని చూసిన సాక్షి ఒకరు దొరుకుతారు.

అత్తగారి మాట వేరు. ఆమె సలహా ప్రేమతోనే వస్తుంది, ముప్పై ఏళ్ల పాతదిగా వస్తుంది. బిడ్డకు ఎన్ని పొరల బట్టలు వేయాలన్న దాని మీద ఎన్నో ఇళ్లలో మనసులు నొచ్చుకుంటాయి. కోడలు మర్యాదగా ‘నేను ఇలా వేస్తానండీ’ అనగలిగిన రోజు ఆమె తల్లితనం ఒక మెట్టు ఎక్కినట్టే.

ఉద్యోగం చేసే తల్లికి ఏమవుతుంది?

ప్రసవ సెలవు 90 రోజులు, ఆపైన మామూలుగా ఏడాది పెంపకం సెలవు. చట్టం ఇస్తుంది, తిరిగి వెళ్లడమే కష్టం. పెళ్లి, ప్రసవాల వల్ల ఉద్యోగం ఆగిపోయిన స్త్రీకి కొరియాలో ‘క్యొంగ్‌దన్‌న్యొ’ అని పేరే ఉంది. పదేళ్ల పని తర్వాత తన గుర్తింపులో పెద్ద భాగం ఆఫీసులోనే ఉన్నప్పుడు, తల్లి గుర్తింపు దాని పక్కన చేరాలా, దాని చోటు తీసుకోవాలా అన్నది ఆమె ఒక్కదాని చేతిలో లేదు. రూబిన్ చెప్పిన సంతాపం ఇక్కడ చాలా నిజమైన సంతాపం.

షిన్ సైమ్‌దాంగ్ పేరు ఈ చర్చలో ఎందుకు వస్తుంది?

ఆమె 16వ శతాబ్దపు చిత్రకారిణి, కవయిత్రి. పండితుడు యీ యీ తల్లి. 2009లో వచ్చిన 50,000 వాన్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది, 5,000 వాన్ల నోటు మీద కొడుకు బొమ్మ ఉంది. ఆమెను ఎంపిక చేసినప్పుడు కొన్ని స్త్రీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. చిత్రకారిణిగా కంటే ‘హ్యొన్‌మో యాంగ్‌చొ’గా, అంటే వివేకవంతురాలైన తల్లి, మంచి భార్యగా ఆమెను చూపుతున్నారన్నది వాళ్ల బాధ. ఆ ఆదర్శం కూడా అనుకున్నంత పాతది కాదు, 20వ శతాబ్దం మొదట్లో జపాన్ దారిన కొరియాకు చేరింది. ద్రాక్షలు, పురుగులు, గడ్డిపూలు అంత సున్నితంగా గీసిన చెయ్యిని తల్లి చెయ్యిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం అన్యాయమే.

కొరియాలో కాన్పు కాబోతున్న తెలుగు కుటుంబాలు ఏం తెలుసుకోవాలి?

దగ్గరి పొగొన్సోలో నమోదు చేయించుకోండి. మియొక్‌గుక్‌ను తరచుగా గొడ్డుమాంసంతో వండుతారు, తినని వాళ్లు జోరివన్‌లో చేరేముందే చెప్పాలి. అమ్మ హైదరాబాద్‌నుంచో విజయవాడనుంచో రావాలంటే వీసా, టిక్కెట్లు ముందే చూసుకోవాలి. తోటి బాలింతలు భాష రాకపోయినా పలకరిస్తే కాదనరు. నడిరాత్రి మేలుకుని ఉన్నవాళ్లు వాళ్లే.

‘ఫలానా ఒమ్మా’ అని పిలిస్తే స్త్రీలకు ఎలా ఉంటుంది?

మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూసేవాళ్లుంటారు, ఎవరినో పిలుస్తున్నారనుకుని. కొందరికి గర్వం. కొందరికి తన పేరు ఎవరూ పలకని రోజులు లెక్కపెట్టుకునేంత ఒంటరితనం. పెళ్లయినా కొరియా స్త్రీ తన ఇంటిపేరు మార్చుకోదు, బిడ్డకు మామూలుగా తండ్రి ఇంటిపేరే వస్తుంది. 2008లో పాత కుటుంబ యజమాని చట్టం పోయాక, పెళ్లి నమోదు చేసే వేళ ఇద్దరూ ఒప్పుకుంటే తల్లి ఇంటిపేరు పెట్టవచ్చు, కానీ అలా చేసేవాళ్లు కొద్దిమంది. కాబట్టి ఇంట్లో భార్యది ఒక ఇంటిపేరు, భర్తా బిడ్డలది ఇంకొకటి. జోరివన్ స్నేహితులు కొందరు కొన్నాళ్లకు పట్టుబట్టి ఒకరినొకరు సొంత పేర్లతో పిలుచుకుంటారు. తల్లితనం కుదురుకున్నాకే అది సాధ్యపడుతుందని నాకు అనిపిస్తుంది. ‘ఒమ్మా’ అన్న పేరు ఎక్కడికీ పోదన్న ధైర్యం వచ్చాక సొంత పేరును కూడా ఉంచుకోవచ్చు.

ఇది ఎప్పటికి పూర్తవుతుంది?

నాలుగో నెలకు నిలదొక్కుకున్నది మొదటి పుట్టినరోజుకు, అంటే ‘తోల్’కు, ఇంకొంచెం గట్టిపడుతుంది. బిడ్డ నడక నేర్చిన రోజున, బడికి వెళ్లిన రోజున మళ్లీ కదులుతుంది. రెండో బిడ్డ వస్తే చాలా భాగం మళ్లీ మొదటినుంచి, ఎందుకంటే ఆ బిడ్డ వేరే మనిషి, ఏడుపు వేరు, నిద్ర వేరు. ఆ రెండో ప్రయాణానికి కొరియాలో పిలుపు కూడా మారదు. ఎంతమంది పిల్లలున్నా, తల్లిని సాధారణంగా మొదటి బిడ్డ పేరుతోనే పిలుస్తారు.